ఇరవైమూడో గూటం

దయ్యాల మాట మొదలైతే అక్కణ్నుంచి లేచిపోయే రకం నేను. ఈ సంగతి మీద మా ఇంట్లో ఆడవాళ్లు నన్ను ఎన్నిసార్లు ఆటపట్టించారో లెక్కలేదు. ముప్పై ఏళ్లకు పైగా వైర్‌లెస్ పనిలో ఉన్నాను. శ్మశానాల పక్కన స్తంభాలు పాతించాను. పాడుబడిన బంగళాల్లో ఒంటరిగా పడుకున్నాను. ఎక్కడా ఏమీ కనపడలేదు. కనపడిందని చెప్పినవాళ్లను నాలుగు ప్రశ్నలు అడిగితే నీళ్లు నమిలేవాళ్లు.

ఇప్పుడు నేనే నీళ్లు నమలాల్సిన సంగతి ఒకటి రాస్తున్నాను. ఇందులో దయ్యం లేదు. చీకటి కూడా లేదు, అంతా పట్టపగలు జరిగింది. నేను చేసిన ఒక తప్పు మాత్రం ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి దాచకుండా రాస్తాను.

అది 1958. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తీగ లేకుండా గాలిలో మాట పంపాలని మా శాఖవాళ్లు ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. అప్పటికి మైక్రోవేవ్ అనే మాట మాలో చాలామందికి నోరు తిరిగేది కాదు. నంద్యాలలో ఒక మాస్టు, అంటే ఎత్తైన ఇనుప స్తంభం, ఆళ్లగడ్డలో ఇంకో మాస్టు. ఒకదాని తలమీంచి ఇంకోదాని తలకు తరంగం సూటిగా పోవాలి.

తరంగం పోను పోను పల్చబడుతుంది. ఆ నష్టానికి సూత్రం ఉంది, దూరం తెలిస్తే చాలు. దారిలో మిట్టో, తోపో అడ్డం వస్తే మాత్రం అదనపు నష్టం వస్తుంది. అది తెలియాలంటే దారంతా నడిచి ఎత్తులు కొలవాలి. నష్టాన్ని డెసిబెల్లలో చెప్పుకుంటాం. మూడు డెసిబెల్లు పోయాయంటే బలం సగమైందని అర్థం. మొత్తం ఎన్ని డెసిబెల్లు పోతాయో ముందే కాగితం మీద తేల్చి చెప్పడం నా పని.

దారిని ముప్పై ఒక్క చోట్లుగా విడగొట్టాం. ప్రతిచోటా నేను ఎత్తు కొలిచి, ఒక జానెడు కొయ్య గూటం పాతి, దాని మీద ఎర్ర రంగుతో వరస నంబరు వేయాలి. ఎత్తు చూపడానికి రెండు డబ్బాలుండేవి. గాలి బరువును బట్టి లోపల ముల్లు కదులుతుంది. ఒక డబ్బా ఆళ్లగడ్డలో మా ఖలాసీ మస్తాన్ దగ్గర కదలకుండా ఉంటుంది. మస్తాన్ నాకంటే పదేళ్లు పెద్దవాడు, గడియారం లాంటి మనిషి. పావుగంటకొకసారి ముల్లు ఎక్కడుందో రాసేవాడు. రెండో డబ్బా నా చేతిలో ఉండేది. మబ్బు పడితే రెండూ ఒకేలా తప్పు చూపిస్తాయి కాబట్టి రెంటికీ తేడా తీస్తే అసలు ఎత్తు తేలుతుంది.

అంటే చేలల్లో నేనొక్కణ్నే తిరిగేవాణ్ని. అందుకని మా కొలత పుస్తకంలో చివర ఒక గడి ఉండేది, ‘చోటు చూపిన మనిషి’ అని. అక్కడ ఏ రైతు కనిపిస్తే ఆయన పేరు రాయాలి. నేను నిజంగా అక్కడికి వెళ్లాననడానికి అదే సాక్ష్యం.

నా ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. మా పై ఇంజనీరు మూర్తిగారు బాగా చేశాడని రాస్తే నిలుస్తుంది, లేకపోతే లేదు. నంద్యాలలోనే పుట్టింట్లో ఉన్న మా రంగమ్మకు నెలలు నిండాయి. అంతకు ముందు ఇద్దరు పుట్టి, వారం తిరక్కుండానే పోయారు. ఈసారి బిడ్డ దక్కకపోతే రంగమ్మ కూడా దక్కదేమోనని నాకు లోపల భయంగా ఉండేది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నిజమవుతుందేమోనన్న పిచ్చి ఒకటి. శకునాలు నమ్మనని గొప్పలు చెప్పుకునేవాణ్ని, నా బతుకు అదీ.

ఇరవై రెండు చోట్లు అయ్యాయి. ఆ ఉదయం శిరివెళ్లలో బస్సు దిగి టీ తాగుతున్నాను. ఇరవైమూడో చోటు అక్కణ్నుంచి రెండు మైళ్లు లోపలికి, వంక దాటి వెళ్లాలి. ఉత్తర కార్తె వానలు. వంక నిండుగా పారుతోంది. నల్లరేగడి నేల అడుగు వేస్తే మోకాలి దాకా దిగుతోంది. ఆ వంక గట్టున తుమ్మలు దట్టంగా ఉండడం వల్ల అవతల ఏముందో రోడ్డు మీదికి కనపడదు.

నంద్యాల నుంచి వెనకనే వచ్చిన ఇంకో బస్సు కండక్టరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. రాత్రి నుంచి రంగమ్మకు నొప్పులని, ఆసుపత్రిలో చేర్చారని, బిడ్డ అడ్డం తిరిగిందని మా అత్త చెప్పి పంపింది. తెల్లవారి నేను బస్సెక్కిన తర్వాత వచ్చిన కబురు.

నేను ఉన్నచోటే నిలబడిపోయాను. వంక వైపు రెండడుగులు వేశాను కూడా. ఆ ఒక్క చోటు కొలిచి వెళితే రెండు మూడు గంటలు. మర్నాటికల్లా ఇరవైమూడో చోటు దాకా అంకెలు మూర్తిగారికి అందాలి. ఇంతలో నంద్యాల పోయే బియ్యం లారీ ఒకటి వచ్చి ఆగింది. ఎక్కేశాను. ఎందుకు ఎక్కానో అప్పుడు ఆలోచించలేదు.

ఆసుపత్రికి చేరేసరికి పదకొండు కావస్తోంది. ఆపరేషన్ చేస్తే గాని బిడ్డ బయటికి రాదని డాక్టరమ్మ గంట నుంచి చెబుతోందట. ఒప్పుకుంటున్నట్టు ఎవరైనా సంతకం పెట్టాలి. మా అత్త ససేమిరా అంది. అల్లుడు లేకుండా కూతురి కడుపు కోయించిందని రేపు నలుగురూ అంటారని ఆవిడ పట్టు. డాక్టరమ్మ కసిరినా, నర్సు బతిమాలినా వేలిముద్ర వేయలేదు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టాను. పక్కన టైము రాయమన్నారు. పదకొండు అని రాశాను.

ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని నీలంగా ఉందట. తల కిందులుగా పట్టుకుని వీపు మీద తట్టాక ఏడ్చిందట. బయటికి వచ్చిన డాక్టరమ్మ నాతో, ఇంకో అరగంట ఆలస్యమైతే బిడ్డ మీద ఆశ వదులుకోవలసిందేనని చెప్పింది. నేను వరండాలో గోడ వైపు తిరిగి ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

సాయంత్రం కొలత పుస్తకం గుర్తొచ్చింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఇరవైమూడో వరస నేను సొంతంగా రాసేశాను. మా పనిలో ఉన్నవాళ్లకు ఈ తప్పు తెలుసు. చూడని చోటికి అంకె వేయడమంటే మేస్త్రీ సున్నం లేకుండా గోడ లేపినట్టే. అయితే అందులోనూ ఒక తెలివి ఉంటుంది. ఎత్తు తక్కువ రాస్తే రేపు మాట అందక బండారం బయటపడుతుంది. ఎక్కువ రాస్తే మాస్టు కాస్త పొడుగు కడతారు, ఎవరూ అడగరు. అందుకని ఉత్త చేను అని రాయకుండా, ముప్పై అడుగుల మిట్ట అని రాశాను. దాని మీద అడ్డంగా చింతచెట్ల వరస, ఎత్తు అరవై రెండడుగులు, పక్కన బావి. టైము పదకొండు. చోటు చూపిన మనిషి ఓబన్న.

అహోబిలం చుట్టుపక్కల పల్లెల్లో ఓబన్న, ఓబులేసు లేని వీధి ఉండదు. ఆ పేరైతే ఎవరూ అనుమానించరనుకున్నాను.

పాతకుండా మిగిలిన ఇరవైమూడో గూటం నా సంచీలో ఉంది. అది ఎవరి కంటా పడకూడదు. ఆసుపత్రి వెనక మా అత్త బాలింతకు నీళ్లు కాస్తోంది. ఆ పొయ్యిలో పడేశాను. అంటుకుని కాలిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఎర్ర రంగు బుడగలు కట్టి నల్లబడడం నా కళ్లారా చూశాను. మా అత్త దేనికి నాయనా అది అని అడిగితే పనికిరాని కట్టె అన్నాను.

మర్నాడు అంకెలు మూర్తిగారికి అందజేశాను. ఆ తర్వాత మిగిలిన ఎనిమిది చోట్లూ పద్ధతిగా కొలిచి, లెక్క పూర్తి చేశాను. అడ్డం ఏమీ లేకపోతే నష్టం నూట ముప్పై డెసిబెల్లు. నేను కల్పించిన మిట్ట పదిహేడు తినేసింది. మొత్తం నూట నలభై ఏడు.

పాప పుట్టిన రెండు వారాలకు పరీక్ష పెట్టారు. నంద్యాలలో మస్తాన్ తరంగం పంపే పెట్టె మీట నొక్కి ఉంచాడు. ఆళ్లగడ్డలో డాబా మీద నేనూ మూర్తిగారూ రిసీవరు ముల్లు చూస్తున్నాం. నాకు మాత్రం నష్టం నూట ముప్పై దగ్గరే ఉంటుందని తెలుసు. కొంచెం ఎక్కువగా అంచనా వేశానని తిట్టు తిని ఊరుకోవచ్చని సిద్ధపడ్డాను.

నష్టం నూట నలభై ఆరున్నర వచ్చింది.

మూర్తిగారు ముల్లును వేలితో తట్టి చూశారు. వైర్లు మార్చి మళ్లీ కొలిచారు. అదే వచ్చింది. నేను సంతోషించాల్సింది పోయి ముల్లు మీంచి చూపు తిప్పుకున్నాను. నేను ఊహించి రాసిన మిట్ట ఎక్కడో నిజంగా నిలబడి తరంగానికి అడ్డం పడుతోందని ఆ ముల్లు చెబుతోంది.

మూర్తిగారు రాజమండ్రి వైపు మనిషి. మాట మెత్తన, చూపు పదును. కొలత పుస్తకం తీసి ఒక్కొక్క వరసా చదివారు. చివరికి ఇరవైమూడు మీద వేలు పెట్టారు.

“ఏమయ్యా, నా సర్వీసులో కాగితం మీద లెక్క ఇంత దగ్గరగా రావడం ఎప్పుడూ చూళ్లేదు. ఆరేడు డెసిబెల్లు తేడా వస్తే నిజమని నమ్ముతాను. అరడెసిబెల్ అంటే నమ్మను. రేపు పొద్దున్నే వెళ్లి ఈ చెట్లు చూసొద్దాం.”

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. నిజంగా కొలిచిన అంకెలు ఎప్పుడూ అంత ముద్దుగా అతుక్కోవు. దొంగ అంకెలే అతుక్కుంటాయి. ఆయన నన్ను పట్టుకోవడానికే వెళుతున్నారని నాకు అర్థమైంది.

పొద్దున జీపులో శిరివెళ్ల దాకా వెళ్లాం. దారిలో మూడుసార్లు ఒప్పేసుకుందామనుకున్నాను. “సార్” అన్నాను. ఆయన “ఏం?” అన్నారు. “ఏం లేదు సార్” అన్నాను. మూడుసార్లూ ఇదే వరస. మూడోసారి ఆయన నా వైపు తిరిగి చూసి మళ్లీ ముందుకు తిరిగారు. ఆసుపత్రిలో రంగమ్మ ఇంకా మంచం దిగలేదు. పాప పదహారు రోజుల గుడ్డు. ఉద్యోగం పోతే ఇద్దర్నీ ఎక్కడికి తీసుకుపోవాలన్నదే నా తలలో తిరుగుతోంది.

జీపు దిగి నడిచాం. వంకలో నీళ్లు అప్పటికి మోకాళ్లలోతుకు తగ్గాయి. తుమ్మల్లోంచి అవతలి గట్టు ఎక్కాం. నేను తల దించుకునే ఎక్కాను. ఎదురుగా ఉత్త జొన్నచేలు కనిపిస్తాయి, మూర్తిగారు నా వైపు తిరుగుతారు, అప్పుడు ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకుంటున్నాను.

“అదేనా?” అన్నారు మూర్తిగారు.

తల ఎత్తాను. మిట్ట ఉంది. దాని మీద ఇటు నుంచి అటు దాకా చింతచెట్ల వరస ఉంది. పక్కన బావి, ఒక కొట్టం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సర్వే మ్యాపులో ఆ మిట్ట లేదు. కానీ ఆ మ్యాపుల్లో యాభై అడుగుల తేడా ఉంటేనే గీత పడుతుంది, చిన్న మిట్టలు ఎక్కవు. కాబట్టి అది అక్కడ ఉండడంలో వింత లేదు. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు, అదొక్కటే వింత.

మాకు ఎదురుగా ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి, నడుం కాస్త వంగింది, భుజాన గొంగడి. మూర్తిగారిని పట్టించుకోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేశాడు.

“మళ్లా వస్తివా అప్పా. ఇంట్లో ఆయమ్మ తేరుకున్యాదా? మనసు గట్టి చేసుకో.”

మూర్తిగారు ఆయన పేరు అడిగారు. ఓబన్న అన్నాడు.

మూర్తిగారి ముఖంలో అప్పటిదాకా ఉన్న బిగువు సడలిపోయింది. కోణం చూసే పరికరం తీసి చెట్ల ఎత్తు కొలిచారు. అరవై ఒకటి వచ్చింది. మిట్ట ఎత్తు డబ్బాతో చూశారు. ఇరవై తొమ్మిది. ఓబన్న బావి పక్కన నేలను చూపించి, నీ కొయ్యను పశువులు తొక్కకుండా చుట్టూ ముళ్లకంప వేసినానని నాతో చెప్పాడు.

కంప పక్కకు జరిపి చూశాను. జానెడు కొయ్య గూటం. ఎర్ర రంగుతో ఇరవై మూడు. నేను మూడంకె వేస్తే పైభాగం గుండ్రంగా తిప్పకుండా అడ్డగీత గీస్తాను. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ మూడు అలాగే ఉంది. ఆసుపత్రి పొయ్యిలో కాలిన రంగు వాసన నా ముక్కుకు తగిలినట్టయింది. కూర్చుండిపోయాను.

ఎండకు కళ్లు తిరిగాయనుకుని మూర్తిగారు నీళ్లిచ్చారు. వెనక్కి నడుస్తూ, నిన్ను అనుమానించానయ్యా, తప్పు నాదే అని ఆయనే అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగినంత సిగ్గు ఏ తిట్టుకూ కలగలేదు. తర్వాత, ఇంట్లో ఏమిటి సంగతి అని అడిగారు. ఆడపిల్ల పుట్టిందన్నాను. ఏ రోజు అన్నారు. అసలు రోజు చెబితే దొరికిపోతాను, ఆ రోజు పదకొండింటికి నేను ఇక్కడ ఉన్నట్టు పుస్తకంలో ఉంది. అందుకని దానికి ముందు రోజని చెప్పాను. దొంగతనం మీద ఇంకో దొంగతనం.

చెట్లు కొట్టించడం ఎందుకని, ఆళ్లగడ్డ మాస్టు ఎత్తు పెంచమని మూర్తిగారు రాశారు. నా గురించి రాయాల్సిన మంచి మాట కూడా రాశారు. ఉద్యోగం నిలిచింది.

కానీ నాకు తిండి సహించలేదు. పద్ధతిగా ఆలోచించుకుందామని కూర్చున్నాను. నా బదులు ఇంకెవరైనా వెళ్లి కొలిచారా? మస్తాన్‌ను అడిగాను. “నేను ఆ దినమంతా ఆళ్లగడ్డలో డబ్బా ముందరే ఉంటి సారూ, లెక్క చూసుకో” అన్నాడు. పావుగంట పావుగంటకూ ఆయన చేతిరాత ఉంది. ఆ ప్రాంతంలో ఇంకే శాఖవాళ్లూ కొలతలు చేయలేదని విచారించి తెలుసుకున్నాను. పోనీ నాకే మతి తప్పిందా, రోజు తారుమారు చేసుకున్నానా? ఆసుపత్రి గుమాస్తాను బతిమాలి రిజిస్టరు తీయించాను. నా సంతకం, పక్కన పదకొండు గంటలు, నా రాతే. రంగమ్మను అడిగితే, నన్ను ఆపరేషన్‌కు తీసుకుపోయేటప్పుడు నువ్వు తలుపు దగ్గర నిలబడింది నేను చూడలేదా అని నవ్వింది.

పాపకు నెల దాటాక, ఒక మధ్యాహ్నం ఒక్కణ్నే శిరివెళ్లలో దిగి మిట్టకు వెళ్లాను. ఓబన్న బావి దగ్గర ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. నన్ను కూర్చోమని, తినమని జొన్నరొట్టె పెట్టాడు. నేను చేతిలో పట్టుకుని, తినకుండా అడిగాను. “పెద్దాయనా, నేను మొదట వచ్చిన దినం ఏం జరిగిందో చెప్పు. నాకు గ్యాపకం లేదు.”

దుఃఖంలో ఉన్నవాళ్లకు అలా అవుతుందిలే అన్నట్టు తల ఊపాడు. నిదానంగా చెప్పాడు. ఆ రోజు పొద్దు నడినెత్తికి రాకముందే నేను వచ్చానట. వంకలో ఎదలోతు నీళ్లుంటే, డబ్బాను నెత్తిన పెట్టుకుని దాటానట. ఒళ్లంతా బురద, చెప్పులు చేతిలో. కొలత గడ నిలబెట్టి చెట్లు కొలుస్తూ నడుమ నడుమ నంద్యాల వైపు చూసేవాణ్నట. ఏమని అడిగితే భార్యకు నొప్పులని, బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పానట.

“బేగా పో అప్పా, పెండ్లాం నొప్పులు పడతాంటే ఈడ చెట్లు కొల్చుకుంటాండావేందీ అంటి. ‘ఇదొగటి కొల్చి పోతా పెద్దాయనా, కొలవకుండా రాస్తే అబద్ధమయితాది’ అంటివి.”

ఆ మాట నేను అనగలిగిన మాటే. ఆ ఉదయం టీ కొట్టు ముందు నిలబడి, వంక వైపు రెండడుగులు వేసినప్పుడు నా మనసులో సరిగ్గా ఆ మాటే ఉంది. లారీ రాకపోయి ఉంటే అదే చేసేవాణ్ని.

ఓబన్న అక్కడితో ఆపలేదు. మూడో రోజు నేను మళ్లీ వచ్చానట. చేతిలో డబ్బా లేదు, గడ లేదు. ఆ బావి గట్టు మీద చాలాసేపు కూర్చున్నానట.

“ఆడబిడ్డంట. నువ్వు పోయేతలికే అయిపోయిండాదంట. సంతకం పెట్టే మనిషి లేకపాయె, ఒగ గంట ముందు పోయింటే దక్కిండేది అంటివి. నువ్వు ఏడుస్తాంటే నాకూ ఆగలేదప్పా.”

రొట్టె నా చేతిలోనే ఉంది. భయమని చెప్పాలంటే అది భయం కాదు. నా పాప మీద పడబోయి తప్పిపోయిన దెబ్బను అంత దగ్గరగా చూసిన వణుకు అది. ఎక్కడో అది పడనే పడిందని ఆయన చెబుతున్నాడు.

“మా పాప బాగుండాది పెద్దాయనా” అన్నాను. “పోయిన వారమే తొట్టెలో ఏసినాము.”

ఓబన్న నా ముఖం చూశాడు. తర్వాత మెల్లగా నా కాళ్ల వైపు చూశాడు. పాదాలు ముందుకే ఉన్నాయా అని చూస్తున్నాడని నాకు కాసేపటికి గాని తెలియలేదు. దయ్యాలు లేవని ఊరంతా వాదించే నన్ను, దయ్యమేమోనని ఒక పెద్దమనిషి పట్టపగలు పరీక్ష చేశాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఎద్దుల పలుపు విప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. “నీకు దక్కినాది గదా, మంచిదప్పా. ఆయప్ప మళ్లా వస్తే నేనేం చెప్పనులే.”

మళ్లీ నేను ఆ మిట్టకు వెళ్లలేదు. ఏడాది తిరక్కుండా కర్నూలుకు బదిలీ అడిగి పుచ్చుకున్నాను.

సగానికి జవాబులు నా దగ్గర ఉన్నాయి. ఓబన్న అనే పేరు ఆ సీమలో ఎవరికైనా ఉంటుంది. మిట్ట ఉన్నచోట చింతచెట్లు, పక్కన బావి ఉండడం మామూలే. ఎదిగిన చింత అరవై అడుగులు ఉంటుంది. పెద్దాయన చూపు మందగించి ఎవర్నో చూసి నేననుకున్నాడనుకుందాం. ఆ ఎవరో నా భార్య నొప్పుల గురించి ఎందుకు చెబుతాడు? కాలిపోయిన గూటం నా రాతతో అక్కడ ఎలా ఉంది? ఈ రెంటికీ ఇన్నేళ్లుగా ఎన్ని లెక్కలు వేసినా తేలలేదు. తేలుతుందన్న ఆశ కూడా ఇప్పుడు లేదు.

పాపకు మహానందమ్మ అని పేరు పెట్టాం. ఇంత పాతకాలపు పేరేమిటని ఇప్పటికీ నన్ను సాధిస్తుంది. ఇద్దరు పిల్లల తల్లి. ఈ సంగతి తనకు చెప్పలేదు, రంగమ్మకూ చెప్పలేదు.

ఆ వానలో ఎదలోతు వంక దాటి, కొలవకుండా రాస్తే అబద్ధమవుతుందని నిలబడి కొలిచినవాడు నాకంటే మంచి ఉద్యోగి. వాడు కొలిచిన అంకెల మీదే నాకు ఉద్యోగం నిలిచింది. పాపను ఎత్తుకున్నప్పుడల్లా, వాడికి దక్కాల్సింది నేను పట్టుకుపోయానేమోనని లోపల పీకేది. అయినా వాడే వచ్చి నా గడపలో నిలబడి అడిగినా, నేను ఇచ్చేవాణ్ని కాదు.